ఒంటికి అంటించే ఫార్ ఇన్‌ఫ్రారెడ్ పట్టీలు: వేడి ఎక్కణ్నుంచి వస్తుంది?

మోకాలికో నడుముకో అంటించుకునే ఒక రకం గుడ్డ పట్టీలు కొన్నేళ్ళుగా మార్కెట్లో కనిపిస్తున్నాయి. వాటిలో మందు ఉండదు, బ్యాటరీ ఉండదు, మంట పుట్టించే మిరప సారం కూడా ఉండదు. గుడ్డ పోగుల్లోనో పైపూతలోనో మెత్తటి సిరామిక్ పొడి ఉంటుంది. ఆ పొడి ఒంటి వేడిని పీల్చుకుని, ‘ఫార్ ఇన్‌ఫ్రారెడ్’ కిరణాలుగా మార్చి తిరిగి ఒంట్లోకి పంపుతుందని, దాంతో రక్తప్రసరణ పెరిగి నొప్పి తగ్గుతుందని డబ్బా మీద రాసి ఉంటుంది. ఇలాంటి పట్టీ తయారుచేయాలనుకునే వస్త్ర ఇంజినీరు ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ శక్తి ఎక్కణ్నుంచి వస్తోంది? దీనికి లెక్కతో జవాబు చెప్పుకుంటే డిజైన్ మొత్తం మారిపోతుంది. సిరామిక్ పొడి వెనక్కి వెళ్తుంది. జిగురు, గాలి ఆడటం, వేడి నిలవడం ముందుకొస్తాయి.

వేడి ఉన్న ప్రతి వస్తువూ పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కిరణాలు వదులుతుంది. ఎంత వేడికి ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా వదులుతుందో వీన్ నియమం చెబుతుంది. 33 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న చర్మానికి ఆ శిఖరం దాదాపు 9.5 మైక్రాన్ల దగ్గర ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వస్త్ర పరిశ్రమ ‘ఫార్ ఇన్‌ఫ్రారెడ్’ అని పిలిచేది సుమారుగా 4 నుంచి 14 మైక్రాన్ల మధ్య ఉన్న ఈ భాగాన్నే. అంటే మన ఒళ్ళు పుట్టినప్పటి నుంచీ ఫార్ ఇన్‌ఫ్రారెడ్ వదులుతూనే ఉంది. కట్టుకున్న నూలు చీరా, కూర్చున్న కుర్చీ, ఎదురుగా ఉన్న గోడా అదే పని చేస్తున్నాయి. ఏ వస్తువు ఎంత బాగా వదులుతుందో చెప్పే అంకెను ఉద్గారత అంటారు. పూర్తి నల్లని ఆదర్శ వస్తువుకు అది 1. మనిషి చర్మానికి దాదాపు 0.98. ఒంటి రంగు ఏదైనా ఈ అంకె మారదు, ఎందుకంటే ఈ తరంగదైర్ఘ్యంలో చర్మాలన్నీ నల్లనివే. మామూలు నూలు, పాలిస్టర్ బట్టలకు సుమారు 0.8 నుంచి 0.9 దాకా ఉంటుంది.

ఇప్పుడు పది సెంటీమీటర్ల చదరపు పట్టీని తీసుకుందాం. 33 డిగ్రీల దగ్గర చర్మం చదరపు మీటరుకు దాదాపు 490 వాట్లు వదులుతుంది. పట్టీ వైశాల్యానికి అది 5 వాట్లకు కాస్త తక్కువ. చిన్న అంకె కాదు. ప్రచారంలో చెప్పకుండా వదిలేసేది రెండో సగాన్ని. పట్టీ చర్మానికి అంటుకుని ఉంది కాబట్టి కొద్దిసేపట్లోనే దాని వేడి చర్మం వేడితో దాదాపు సమానమవుతుంది. అప్పుడు చర్మం నుంచి పట్టీకి ఎంత వెళ్తుందో పట్టీ నుంచి చర్మానికి అంతే వస్తుంది. నికరంగా మిగిలేది సున్నా. పొడి కలిపి ఉద్గారతను 0.8 నుంచి 0.9కి పెంచినా, 0.95కి పెంచినా ఆ సున్నా సున్నాగానే ఉంటుంది. బాగా వదిలే వస్తువు బాగా పీల్చుకుంటుంది కూడా. 19వ శతాబ్దంలోనే భౌతికశాస్త్రవేత్త కిర్చాఫ్ చెప్పిన సంగతి ఇది, దీన్ని దాటే పొడి ఏ గనిలోనూ దొరకదు.

చర్మంలోకి ఎంత లోతుకు వెళ్తుందన్న దగ్గర కూడా స్పష్టత అవసరం. కొన్ని ప్రకటనల్లో కిరణాలు నాలుగైదు సెంటీమీటర్ల లోపలికి దూసుకుపోతాయని ఉంటుంది. 10 మైక్రాన్ల దగ్గరి కిరణాలను నీళ్ళు చాలా గట్టిగా పీల్చుకుంటాయి, చర్మంలో ఎక్కువ భాగం నీళ్ళే. అందువల్ల ఆ కిరణాల్లో అధిక భాగం మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాటకముందే ఆగిపోతుంది. చర్మవైద్యులు 10.6 మైక్రాన్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో పైపొరను మాత్రమే చెక్కగలగడానికి కారణం కూడా ఇదే. రక్తనాళాలు మొదలయ్యే లోతుకు చేరేసరికి ఏమీ మిగలదు. అక్కణ్నుంచి లోపలికి వెళ్ళేది కిరణం కాదు, మామూలు వేడి. అది కణజాలం గుండా ఒకదాన్నుంచి ఒకదానికి పాకుతుంది, రక్తం దాన్ని మోసుకుపోతుంది. మిల్లీమీటర్ల లోతుకు వెళ్ళగలిగేది ఒక మైక్రాన్ లోపు ఉండే నియర్ ఇన్‌ఫ్రారెడ్, దానికి ఎల్‌ఈడీ గానీ లేజర్ గానీ కావాలి. ఆ పరిశోధనల ఫలితాలను తెచ్చి ఈ పట్టీల డబ్బా మీద వేయడం తరచుగా జరిగే పొరపాటు.

ఇక జిగురు పొర దగ్గర ఆగి చూడాలి. బనియన్‌లోనో సాక్సులోనో అయితే బట్టకూ చర్మానికీ మధ్య అక్కడక్కడా గాలి ఉంటుంది, కిరణాల ద్వారా వేడి మారడానికి కొంత చోటు ఉంటుంది. అంటించే పట్టీలో ఆ చోటే లేదు. చర్మానికీ గుడ్డకూ మధ్య 40, 50 మైక్రాన్ల మందాన జిగురు పరుచుకుని ఉంటుంది. అంత పల్చటి పొర గుండా వేడి నేరుగా పాకే వేగం, అదే చోట కిరణాల ద్వారా వెళ్ళే వేగం కన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువ. పైగా ఆ జిగురు పరారుణానికి పారదర్శకం కాదు. ఎక్కువగా వాడే యాక్రిలిక్ జిగురులోని ఎస్టర్ బంధాలు 5.8 మైక్రాన్ల దగ్గరా, 8 నుంచి 9 మైక్రాన్ల మధ్యా కిరణాలను పీల్చుకుంటాయి. ముసలివాళ్ళ చర్మానికీ పసిపిల్లల చర్మానికీ మెత్తగా ఉంటుందని ఇష్టపడే సిలికోన్ జిగురులో సిలికాన్–ఆక్సిజన్ గొలుసు ఉంటుంది. అది గట్టిగా పీల్చుకునేది 9 నుంచి 10 మైక్రాన్ల మధ్య, అంటే సరిగ్గా చర్మం శిఖరం ఉన్న చోట. గుడ్డలోని పొడి ఎంత ఖరీదైనదైనా, అది వదిలిన కిరణాన్ని చర్మం కన్నా ముందు జిగురే అందుకుంటుంది. ఈ ఒక్క స్పెక్ట్రమ్‌ను గీసి చూపిస్తే చాలు, పట్టీ చర్మంలోకి ‘కిరణాలు పంపుతుంది’ అన్న మాట డిజైన్ పత్రంలో నిలవదు. పొడిని జిగురులోనే కలిపేస్తే ఈ ఇబ్బంది పోతుంది కదా అని కొందరు చేస్తారు. అప్పుడు జిగురు గట్టిపడి చర్మపు సన్నని గీతల్లోకి పారడం తగ్గుతుంది, అంచులు త్వరగా లేస్తాయి. నికర లెక్క మాత్రం మారదు.

సిరామిక్ పొడికి అసలు ప్రభావమే లేదా అంటే, ఉంది. అది బయటి ముఖం మీద ఉంది, దిశ తిరగబడి ఉంది. పట్టీ పల్చగా ఉంటుంది కాబట్టి దాని బయటి ముఖం కూడా ఒంటి వేడికి దగ్గరగానే ఉంటుంది. గది 25 డిగ్రీల దగ్గర ఉంటే, మన పది సెంటీమీటర్ల పట్టీ కిరణాల రూపంలో బయటికి పోగొట్టుకునేది దాదాపు అర వాటు. ఉద్గారతను 0.8 నుంచి 0.9కి పెంచితే ఆ నష్టం ఇంకో 0.05 వాటు పెరుగుతుంది. వేడి చేయడానికని కలిపిన పొడి, అతి కొద్దిగానే అయినా, చల్లబరుస్తుందన్నమాట. ఒంటి పరారుణాన్ని కావాలని బయటికి వదిలేసే బట్టల మీద నిజంగానే మంచి పరిశోధన జరిగింది. 2016లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు సూక్ష్మ రంధ్రాల పాలిథీన్‌తో చేసిన పల్చటి వస్త్రం అలాంటిదే. పాలిథీన్ ఈ కిరణాలను అడ్డుకోదు కాబట్టి ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది. వేడి నిలపాలంటే దానికి సరిగ్గా వ్యతిరేకం చేయాలి. బయటి వైపు ఉద్గారత తక్కువున్న ముఖం పెట్టాలి. అల్యూమినియం పూతకు ఆ అంకె 0.05 దగ్గర్లో ఉంటుంది. సిరామిక్ గుడ్డ స్థానంలో అది ఉంటే పైన చెప్పిన అర వాటు నష్టంలో చాలా భాగం ఆగిపోతుంది. మారథాన్ పరుగు పూర్తయ్యాక కప్పే వెండి రంగు షీటు పనిచేసేది ఈ సూత్రం మీదే. ఒక షరతు: ఆ లోహపు ముఖం ఎదుట కాస్త గాలి ఉండాలి. మీద ప్యాంటు గుడ్డ నొక్కుకుని ఉంటే వేడి దాని గుండా పాకిపోతుంది.

లోహపు పూత పెడితే చెమట దారి మూసుకుపోతుంది. ఇక్కడే డిజైన్ పని అసలు మొదలవుతుంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా చర్మం గంటకు చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాముల నీటి ఆవిరి వదులుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బయట తిరిగే మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. ఆ ఆవిరి బయటికి పోకపోతే జిగురు కింద చర్మం నాని తెల్లబడి మెత్తబడుతుంది, పట్టీ ఊడుతుంది, ఊడకపోతే కింద దురద మొదలవుతుంది. సన్నటి రంధ్రాలు పొడిచిన లోహపు పొర, జిగురును పూర్తిగా పరచకుండా గీతలుగానో చుక్కలుగానో వేయడం, రెండువైపులా సాగే అల్లిక గుడ్డ: ఈ మూడూ కలిస్తే కొంత సయోధ్య కుదురుతుంది. 1970లలో జపాన్‌లో కెంజో కాసే రూపొందించిన, ఆటగాళ్ళు కండరాల మీద అంటించుకునే కినీసియాలజీ టేప్ ఈ విషయంలో మంచి పాఠం. దాన్లో కిరణాలూ లేవు, మందూ లేదు. నూలు గుడ్డ, కొద్దిగా స్పాండెక్స్, అలల్లా వేసిన యాక్రిలిక్ జిగురు. చర్మంతోపాటు సాగుతుంది, ఆ అలల మధ్య సందుల్లోంచి ఆవిరి పోతుంది, స్నానం చేసినా రెండు మూడు రోజులు నిలుస్తుంది. పరారుణ పట్టీ తయారుచేసేవాళ్ళు పొడి కోసం పెట్టే శ్రద్ధలో సగం ఈ అలల మీద పెట్టినా వాడేవాళ్ళకు ఎక్కువ మేలు జరుగుతుంది.

జిగురు గురించి ఇంకో రెండు మాటలు అవసరం. యాక్రిలిక్ జిగురు అంటించిన గంటలో కన్నా మరుసటి రోజు గట్టిగా పట్టుకుంటుంది, ఎందుకంటే అది నెమ్మదిగా చర్మపు గీతల్లోకి పారుతూ ఉంటుంది. అందుకే ఫ్యాక్టరీలో స్టీలు పలక మీద లాగి చూసిన పరీక్ష ఒక్కటే సరిపోదు. డెబ్బై ఏళ్ళ మనిషి మోచేతి చర్మం మీద రెండో రోజు ఉదయం లాగితే ఏమవుతుందో చూడాలి. వయసు మీద పడ్డ చర్మంలో పైపొరకూ కిందిపొరకూ పట్టు తగ్గుతుంది, పట్టీతోపాటు చర్మం చీరుకొస్తుంది. ఊడదీసేటప్పుడు పైకి నిలువుగా లాగకూడదు. ఒక చేత్తో చర్మాన్ని అదిమి పట్టుకుని, పట్టీని వెనక్కి మడిచి, వెంట్రుకలు వాలిన దిశలో నెమ్మదిగా తీయాలి. అంచుకు కాస్త కొబ్బరి నూనె రాస్తే జిగురు మెత్తబడుతుంది. ఈ మూడు వాక్యాలు డబ్బా లోపల కాగితం మీద తెలుగులో ఉండాలి. మూలలు గుండ్రంగా కత్తిరించడం కూడా చిన్న సంగతి కాదు, బట్టలకు తగిలి మొదట లేచేది చదరపు మూలే. అలర్జీ మాటకొస్తే, పాత ప్లాస్టర్లలో వాడిన రోజిన్ (దేవదారు జాతి చెట్ల బంక), కొత్త జిగుర్లలో కొన్ని యాక్రిలేట్లు చాలామందికి పడవు. షుగర్ రోగులు చేతికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్ల జిగురులో ఐసోబోర్నైల్ యాక్రిలేట్ వల్ల దద్దుర్లు వచ్చిన సంగతిని చర్మవైద్యులు నమోదు చేశారు. వైద్య పరికరాలు ఒంటికి పడతాయో లేదో చూసే ఐఎస్‌ఓ 10993 పరీక్షలు ఉన్నది ఇలాంటివి ముందే పట్టుకోవడానికి.

పొడిని గుడ్డలోకి ఎక్కించే విద్య మీద పెద్దగా ఆగక్కర్లేదు. కరిగిన పాలిస్టర్‌లో కలిపి పోగు తీస్తే పొడి రేణువులు మైక్రాన్ కన్నా చిన్నవిగా ఉండాలి, లేకపోతే పోగు తీసే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి, యంత్ర భాగాలు అరిగిపోతాయి. బరువులో కొద్ది శాతం దాటి కలిపితే పోగు బలం తగ్గుతుంది. గుడ్డ మీద పూత వేయడం సులువు, కానీ పొడిని పట్టి ఉంచే బైండర్ దాన్ని కప్పేస్తుంది. ఉతుకుడుకు నిలవడం లాంటి గొడవ మాత్రం ఒకసారి వాడి పారేసే పట్టీకి లేదు.

నాణ్యత ప్రమాణాల పేరుతో తరచూ చూపించేది చైనా 2013లో తెచ్చిన జీబీ/టీ 30127. దాని ప్రకారం గుడ్డ ఉద్గారత 0.88 కన్నా తక్కువ ఉండకూడదు, పరారుణ దీపం కింద పెట్టినప్పుడు వేడి కనీసం 1.4 డిగ్రీలు పెరగాలి. గుడ్డను గుడ్డతో పోల్చడానికి ఇది పనికొచ్చే పరీక్షే. దీంట్లో పాసైన పట్టీ నొప్పి తగ్గిస్తుందని అర్థం చేసుకోవడమే తప్పు. 0.88 అన్నది చర్మపు 0.98 కన్నా తక్కువ. రెండో పరీక్షలో శక్తి ఇచ్చేది దీపం. ప్యాంటు కింద మోకాలి దగ్గర దీపం ఉండదు. థర్మల్ కెమెరా వీడియోలదీ ఇదే తీరు. గంటసేపు ఉంచి పట్టీ తీయగానే కింద చర్మం ఎర్రగా, పసుప్పచ్చగా మెరుస్తుంది. పట్టీ అంతసేపూ దుప్పటిలా కప్పి ఉంచింది కాబట్టి కింద వేడి నిలిచింది, లాగినప్పుడు చర్మం కాస్త కందింది. అదే మందాన ఉన్న మామూలు గుడ్డ పట్టీని రెండో మోకాలికి అంటించి, రెండూ ఒకేసారి తీసి చూపించే వీడియో అయితే దానికి విలువ ఉంటుంది.

నిజంగా కిరణాలు పంపాలంటే పట్టీ ఒంటి కన్నా వేడిగా ఉండాలి, అందుకు శక్తి కావాలి. ఇనుప పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడినిచ్చే పట్టీలు 40 డిగ్రీల దగ్గర 8 గంటలు నిలుస్తాయి. నడుము నొప్పికి అవి పనికొస్తాయని మంచి పరీక్షల్లోనే తేలింది. ఉప్పు మూటతో పెట్టే కాపడం, వేడినీళ్ళ బ్యాగు కూడా వేడిని ఇదే రకంగా అందిస్తాయి, 40 డిగ్రీల వస్తువు ఏదైనా శిఖరం 9 మైక్రాన్ల చిల్లర దగ్గరే. విద్యుత్తుతో పనిచేసే ఫార్ ఇన్‌ఫ్రారెడ్ దీపాలకు వైద్యంలో గట్టి ఆధారం ఉన్న చోటు ఒకటుంది. తైవాన్‌లో డయాలిసిస్ చేయించుకునే 145 మంది రోగులపై జరిపి 2007లో ప్రచురించిన పరిశోధనలో, చేతి ఫిస్టులా (డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి చేసే దారి) మీద వారానికి మూడుసార్లు, 40 నిమిషాల చొప్పున దీపం పెట్టినవాళ్ళలో ఫిస్టులా ఎక్కువకాలం మూసుకుపోకుండా నిలిచింది. ఆ దీపం బయటి నుంచి శక్తి తీసుకుంటుంది, చర్మాన్ని నిజంగానే వేడెక్కిస్తుంది. దాని ఫలితాన్ని బ్యాటరీ లేని గుడ్డకు అంటగట్టడం కుదరదు.

కార్బన్ పూత గుడ్డతో, చిన్న లిథియం బ్యాటరీతో అంటించే పట్టీ చేయవచ్చు. 1000 మిల్లీయాంపియర్ అవర్ సెల్లులో ఉండేది 3.7 వాట్ అవర్లే, కాబట్టి రెండు వాట్లు వాడితే రెండు గంటలు కూడా రాదు. అంతకన్నా పెద్ద చింత వేడి. చర్మం 44 డిగ్రీల దగ్గర దాదాపు ఆరు గంటలుంటే కాలిన గాయమవుతుందని హెన్రిక్స్, మోరిట్జ్ అనే పరిశోధకులు 1947లోనే చూపించారు. షుగర్ వల్ల పాదాల స్పర్శ తగ్గినవాళ్ళకు 44 డిగ్రీలు తగులుతున్నట్టే తెలియదు. మన ఇళ్ళలో అలాంటివాళ్ళు తక్కువ కాదు. కాబట్టి వేడి పట్టీలో 41, 42 డిగ్రీల దగ్గర తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి. సాఫ్ట్‌వేర్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా, వేడి పెరిగితే కరెంటు కోసేసే భాగం సర్క్యూట్లో విడిగా ఉండాలి.

పొడి ఎంపికలో ఒక ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అల్యూమినా, జిర్కోనియా, సిలికా, మెగ్నీషియా లాంటివి శుద్ధిగా ఉంటే పేచీ లేదు. ‘నెగటివ్ అయాన్లు’ కూడా వస్తాయని చెప్పే పొడుల్లో కొన్నిచోట్ల మోనజైట్ కలుపుతారు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది రేడియోధార్మికం. గాలిని అయనీకరించే గుణం దానికి వచ్చేది ఆ రేడియోధార్మికత వల్లే. 2018లో దక్షిణ కొరియాలో ఒక కంపెనీ పరుపుల నుంచి రాడాన్ వాయువు వస్తున్నట్టు బయటపడింది, కారణం వాటిలో వాడిన మోనజైట్ పొడి. అక్కడి అణు భద్రతా కమిషన్ పరుపులను వెనక్కి రప్పించింది, తర్వాత ఒంటికి తగిలే వస్తువుల్లో ఇలాంటి ఖనిజాల వాడకాన్ని చట్టంతో ఆపారు. మనకిది దూరపు సంగతి కాదు. భీమునిపట్నం నుంచి శ్రీకాకుళం తీరం దాకా సముద్రపు ఇసుకలో మోనజైట్ ఉంది, దేశంలో దానిమీద అణుశక్తి చట్టం అదుపు ఉంది. విదేశాల నుంచి సంచుల్లో వచ్చే ‘ఖనిజ మిశ్రమం’ మీద అలాంటి చూపు ఉంటుందన్న హామీ లేదు. రోజంతా చర్మాన్ని అంటుకుని ఉండే వస్తువు కోసం పొడి కొనేవాళ్ళు ప్రతి లాటుకూ గామా పరీక్ష చేయించాలి. ఖర్చు పెరుగుతుందన్నది దీనికి సమాధానం కాదు.

చట్టం విషయానికొస్తే, నొప్పి తగ్గిస్తుందని చెప్పి అమ్మే వస్తువు వైద్య పరికరమే అవుతుంది. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల పరిధిని 2020లో అన్ని పరికరాలకూ విస్తరించారు. పట్టీతో మధుమేహం, పక్షవాతం, రక్తపోటు తగ్గుతాయని ప్రకటన ఇస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అడ్డొస్తుంది.

ఇంత చెప్పాక కూడా ఒక సంగతి మిగిలి ఉంటుంది. ఇటలీలో మోకాలి అరుగుదల ఉన్న 60 మందిపై జరిపి 2012లో ప్రచురించిన చిన్న పరీక్షలో, డమ్మీ పట్టీ వాడినవాళ్ళ కన్నా ఫార్ ఇన్‌ఫ్రారెడ్ పట్టీ వాడినవాళ్ళకు నొప్పి ఎక్కువగా తగ్గింది. భౌతికశాస్త్రం లెక్క ఇలా ఉందని ఆ ఫలితాన్ని పక్కన పడేయడం సరికాదు, దాన్నే పట్టుకుని లక్షల పట్టీలు అమ్మడమూ సరికాదు. అది ఏకపక్ష గోప్య పరీక్ష, అంటే రోగులు, పరీక్ష జరిపేవాళ్ళు అన్న రెండు పక్షాల్లో ఒక పక్షానికి ఎవరికి ఏ పట్టీ వచ్చిందో తెలుసు. నొప్పి అనేది మనసు నమ్మకంతోనూ, రోజు గడవడంతోనూ తగ్గే బాధ. డమ్మీ పట్టీ అసలు పట్టీ కన్నా పల్చగా ఉన్నా, తక్కువ వెచ్చగా అనిపించినా గోప్యత పోయినట్టే.

దీన్ని తేల్చడానికి కోట్లు అక్కర్లేదు. మూడు రకాల పట్టీలు ఒకే మగ్గం మీద, ఒకే జిగురుతో, ఒకే మందాన చేయించాలి. ఒకదానిలో సిరామిక్ పొడి, రెండోదానిలో అదే బరువుకు సరిపడా మామూలు పాలిస్టర్, మూడోదానిలో పొడి లేకుండా బయటి గుడ్డ కింద రంధ్రాల అల్యూమినియం పొర. మూడూ చూపుకూ చేతికీ ఒకేలా ఉండాలి. అంటించే నర్సుకు గానీ, నొప్పి అడిగి రాసుకునే మనిషికి గానీ ఏది ఏదో తెలియకూడదు. ప్రతి పట్టీ కింద ఒక సన్నటి థర్మిస్టర్ పెట్టి చర్మం వేడిని రాత్రీపగలూ నమోదు చేయాలి. మొదటి రెండు గుంపుల నొప్పిలో తేడా వస్తే సిరామిక్‌కు ఏదో వాటా ఉన్నట్టే, అప్పుడు దాని కారణాన్ని వెతకాలి. ఆ రెంటి మధ్య తేడా రాక, మూడో గుంపులో చర్మం కాస్త వెచ్చబడి నొప్పి కూడా తగ్గితే పనిచేసింది వేడి నిలవడమే. అప్పుడు పొడికి పెట్టే డబ్బును జిగురుకూ, గాలి ఆడే గుడ్డకూ మళ్ళించవచ్చు.